పిట్టల పంతులు - మోర్టెన్సెన్ జీవితము

గడచిన సంవత్సరము మన యింటి చూరుక్రింద గూడు పెట్టిన గోరువంకయే ఈ సంవత్సరము గూడ వచ్చినదా, లేక ఆ జాతికే చెందిన వేరొకటి వచ్చి ఆ తావు నాక్రమించుకొన్నదా? పసిపిల్లవాడు తాతగారిని అడుగదగిన ప్రశ్న యిది. అయినను దీనికి రుజువుతో కూడిన ప్రత్యుత్తరము చెప్పుటకు పండితులకు వేలకొలది సంవత్సరములు పట్టినది. ఒక పక్షికిని దానితోడి పక్షికిని మన కంటికి భేదము కానరాదు. భేదము కానరానప్పుడు వచ్చినది యెవరు, పోయినది యెవరు అని చెప్పుట యెట్లు? ఈ చిక్కు విడదీసినవాడు రాజాస్థాన పండితుడు కాడు, విశ్వవిద్యాలయాచార్యుడును కాడు. ఐరోపా ఖండములోని డెన్మార్కు దేశమున ఒక చిన్న పట్టణములో బాలురకు చదువు చెప్పుకొనుచుండిన ఉపాధ్యాయుడు. ఆయన పేరు హాన్స్ క్రిస్టియన్ కోర్నేలియస్ మోర్టెన్సెన్. ఆయన వృత్తాంతమును చదువరులకు తెలుపుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఆయన పని యెంతటిదో తెలియవలెనన్న, అంతకుముందు లోకము పక్షుల రాకపోకలనుగూర్చి యేమి నమ్మియుండెనో కొంత చెప్పవలెను. ఉత్తర దేశములలో శీతకాలము కడు తీవ్రమైనది. చెఱువులు గడ్డకట్టును, పురుగు పుట్ర కానరావు. పురుగులను తిని బ్రదుకు పాటపిట్టలు శరత్కాలములో మాయమై వసంతములో మరల ప్రత్యక్షమగును. ఈ నడిమి కాలములో అవి యెక్కడనుండును? గ్రీకు పండితుడగు అరిస్టాటిల్ కొన్ని పక్షులు చలికాలమున వేరొక జాతి పక్షులుగా మారునని వ్రాసెను. 1555లో స్వీడను దేశపు మతాచార్యుడు ఓలావుస్ మాగ్నుస్ తన గ్రంథములో వానకోవెలలు చలికాలమంతయు నీళ్ళ అడుగున గుంపులుగా నిద్రించుననియు, జాలరుల వలలలో పడుననియు చెప్పి, దానికొక బొమ్మ గూడ వేయించెను. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో చార్లెస్ మోర్టన్ అను విద్వాంసుడు పక్షులు చంద్రమండలమునకు పోయి వచ్చునని వాదించెను. మనమిప్పుడు నవ్వవచ్చునుగాని, వారు బుద్ధిహీనులు కారు. చూడనిదానిని ఊహతో పూరించుకొనిరి, అంతే. మన విద్యార్థులు యిర్మీయా ప్రవక్త గ్రంథము చదివినప్పుడు అందు సంకుబుడికొంగ ప్రసక్తిని చూచియుందురు. ఆ పక్షికి తన కాలము తెలియునని ప్రాచీనులు గుర్తించిరి. కాలము తెలియుట వేరు, దారి తెలియుట వేరు. ఆ దారి మాత్రము మనుష్యులకు తెలియలేదు.

1822లో జర్మనీలోని మెక్లెన్‌బుర్గు సీమయందలి క్లూట్జు అను గ్రామమువద్ద ఒక సంకుబుడికొంగను కొట్టిరి. దాని మెడలో ఒక పొడవైన బల్లెము గుచ్చుకొనియుండెను. ఆ కఱ్ఱయు దాని పనితనమును ఆఫ్రికా ఖండమునకు చెందినవి. మెడలో బల్లెముతోనే ఆ పక్షి యంత దూరము ఎగిరివచ్చెను! రోస్టాకు విశ్వవిద్యాలయములో నేటికిని ఆ పక్షి దేహమును బల్లెముతోకూడ భద్రపరచియున్నారు. ఆఫ్రికాలో నెవడో వేటగాడు తనకు తెలియకయే ఒక పక్షికి గుర్తు పెట్టి పంపినట్లయినది. ఆ గుర్తు క్రూరమైనదే గాని, దానినిబట్టి రెండు తావులు ఒక్కసారిగా తెలిసినవి. పక్షికి బాధ లేకుండ అట్టి గుర్తు పెట్టగలుగుటయే ముందున్న పని.

అమెరికాలో పక్షుల చిత్రములు వ్రాసి ప్రఖ్యాతుడైన జాన్ జేమ్స్ ఆడుబాన్ తాను 1804లో పెన్సిల్వేనియాలో ఫీబీ అను చిన్నపక్షి పిల్లల కాళ్ళకు వెండి దారము కట్టితిననియు, మరుసటి వసంతమున వానిలో రెంటిని మరల కనుగొంటిననియు వ్రాసికొనెను. చాలకాలము ఈ కథను అందరును నమ్మిరి. అయితే 1805 వసంతములో ఆడుబాన్ ఫ్రాన్సు దేశములో నుండెనని నాటి పత్రములనుబట్టి ఇటీవల పరిశోధకులు చూపి, ఆ మాటను సందేహించిరి. అది యెట్లున్నను, దారములో పేరు లేదు, అంకె లేదు. దానిని చూచినవాడు కట్టినవానికి తెలియజేయు మార్గమును లేదు.

ఇక మోర్టెన్సెన్ సంగతికి వత్తము. ఆయన 1856 ఆగస్టు 27వ తేదీన జన్మించెను. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయమున కొంతకాలము చదివి, పిమ్మట జట్లాండు ద్వీపకల్పములోని వీబోర్గు పట్టణమున కతీద్రలు పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. వీబోర్గు సరస్సుల యొడ్డున నున్న పురాతన పట్టణము. అచ్చటి ప్రధాన దేవాలయము రాతికట్టడము. పాఠశాల ఆ దేవాలయమునకు అనుబంధముగా మధ్యయుగములోనే పుట్టినది. ఇట్టి చోట పాఠములు చెప్పుకొనుచు, తీరిక వేళల పక్షులను కనిపెట్టుటయే ఆయన జీవితము. ఊరివారు ఆయనను పిట్టల మోర్టెన్సెన్ అని పిలిచెడివారు. మన యూళ్ళలోనైన పిట్టల పంతులుగారు అనియుందురు. ఎగతాళియో ఆదరమో తెలియనట్టి పేరు అది.

ఆయన యెన్నుకొన్న పక్షి స్టార్లింగు. ఇది మన గోరువంకకు దగ్గర చుట్టము. రెండును ఒకే కుటుంబములోనివి. నల్లని దేహము, దానిపై ఊదారంగును ఆకుపచ్చయు కలిసిన మెఱపు, శీతకాలమున దేహమంతట తెల్లని చుక్కలు, వసంతమున పసుపుపచ్చని ముక్కు. బరువు సుమారు 75 లేక 80 గ్రాములు. ఇతర పక్షుల కూతలను అనుకరించి పాడుట దీని నేర్పు. డెన్మార్కులో చలి యింకను పూర్తిగా విడువకముందే, ఫిబ్రవరి చివరను మార్చి నెలలోను ఈ పక్షులు వచ్చును. స్టార్లింగు పాట వినబడినదన్న అచ్చటివారికి వసంతము వచ్చినదని గుర్తు. చెట్టు తొఱ్ఱలలోను ఇండ్ల సందులలోను లేత నీలి రంగు గ్రుడ్లు నాలుగు మొదలు ఆరు వరకు పెట్టును. మనుష్యులు చెక్కపెట్టెలు చేసి చెట్లకు వ్రేలాడగట్టినచో వానిలో గూడ సంతోషముగా కాపురముండును. ఈ చివరి గుణమే మోర్టెన్సెన్‌కు మిక్కిలి ఉపకరించెను. పక్షిని వెదకికొనుచు పోవలసిన పని లేదు. పక్షియే మన పెట్టెలోనికి వచ్చును.

పెట్టెలోనికి పక్షి దూరగానే ద్వారము దానంతట అది మూసికొనునట్లు ఆయన ఒక యుక్తి పన్నెను. పక్షికి దెబ్బ తగులకుండ, రెక్క విరుగకుండ చేతికి చిక్కవలెను. చిక్కిన పక్షి కాలికి ఒక సన్నని లోహపు కడియము తొడిగి విడిచిపెట్టవలెను. ఆ కడియముపై ఊరి పేరును ఒక అంకెయు చెక్కియుండవలెను. ఏ రెండు పక్షులకును ఒకే అంకె యుండరాదు. ఇంతే ఆయన యూహ. చెప్పుటకు మూడు వాక్యములు చాలును. చేయుటకు తొమ్మిదేండ్లు పట్టెను.

1890లో ఆయన తొలిప్రయత్నము చేసెను. జింకు అనబడు తుత్తునాగముతో కడియములు చేసి రెండు స్టార్లింగులకు తొడిగెను. అవి బరువైనవి. పక్షులకు అడ్డముగా నుండెను. ఆయన ఆ పనిని అంతటితో నిలిపివేసెను.

మేమీ సంగతి చదివినప్పుడు ఆ రెండు పక్షుల యొద్దనే చాలసేపు ఆగితిమి. ఆయన స్థానమున మరియొకడు ఉండినయెడల, రెండు వందల పక్షులకు ఆ బరువైన కడియములే తొడిగి, చచ్చినవి చావగా మిగిలినవానినిబట్టి ఫలితము వ్రాసికొనియుండును. శాస్త్రచరిత్రలో అట్టివారు కొఱతపడలేదు. కడియము తొడుగుటలోని రహస్యమంతయు ఇచ్చటనే యున్నది. పక్షి యెట్లు బ్రదుకునో తెలిసికొనుటకు మనము దానికి గుర్తు పెట్టుచున్నాము. ఆ గుర్తే దాని బ్రదుకును మార్చినచో, మనము తెలిసికొన్నది పక్షినిగూర్చి కాదు, మన కడియమునుగూర్చి మాత్రమే. దయయు శాస్త్రమును ఇచ్చట వేరువేరు దారులు కావు. పక్షిని బాధించినవాడు సత్యమును గూడ చెడగొట్టుకొనును. ఆయన ఈ సంగతిని రెండు పక్షులతోనే గ్రహించెను.

ఇక కావలసినది తేలికయైన లోహము. అది అల్యూమినియము. నేడు మన వంటయిండ్లలో అల్యూమినియపు గిన్నెలు లేని యిల్లు అరుదు గాని, పందొమ్మిదవ శతాబ్దపు నడుమ అది మిక్కిలి విలువగల లోహము. 1884లో అమెరికావారు తమ రాజధానిలో వాషింగ్టన్ స్మారకస్తంభము పూర్తిచేసినప్పుడు దాని కొనకు అల్యూమినియపు శిఖరము పెట్టుట గొప్పగా భావించిరి. 1886లో అమెరికాలో హాల్ అను యువకుడును ఫ్రాన్సులో ఎరూల్ అను యువకుడును ఒకరినొకరు ఎఱుగకయే, విద్యుచ్ఛక్తి సహాయమున ఆ లోహమును విరివిగా తీయు పద్ధతిని కనుగొనిరి. కొలది యేండ్లలో దాని వెల పడిపోయి పల్లెటూరి పంతులు గూడ కొనగలిగినదయ్యెను. ఒకే పరిమాణము గల తుత్తునాగమునకును అల్యూమినియమునకును బరువులో రెండున్నర రెట్లకు మించిన భేదమున్నది. మృదువైనది కావున వంచుటకు సులువు. తుప్పు తినదు. అంకెలు చక్కగా అచ్చుపడును. ఎక్కడో ఇద్దరు యువకులు కొలిమిలో చేసిన పని, వీబోర్గులో పిట్ట కాలికి ఉపకరించునని వారు కలగనియుందురా?

1899 జూను 5వ తేదీన మోర్టెన్సెన్ మొదటి అల్యూమినియపు కడియమును ఒక స్టార్లింగు కాలికి తొడిగి దానిని విడిచిపెట్టెను. అప్పటికాయనకు 42 ఏండ్లు. ఆ సంవత్సరము మొత్తము 165 స్టార్లింగులకు కడియములు తొడిగెను. కడియములను స్వయముగా రేకు కత్తిరించి, గుండ్రముగా వంచి, అక్షరములు అచ్చుకొట్టి సిద్ధపరచుకొనెను. ఒక్కొక్క అంకెకును ఒక్కొక్క వివరము పుస్తకములో వ్రాసికొనెను. ఏ తేదీ, ఏ చోటు, ఏ పక్షి అను మూడింటిలో నొకటి తప్పినను తక్కినదంతయు వ్యర్థమగును. బడిలో హాజరుపట్టీ తప్పులేకుండ వ్రాయుటకు అలవాటుపడిన చేతికి ఈ పని క్రొత్త కాదు.

ఈ పద్ధతిలో నొక వింత యున్నది. తక్కిన శాస్త్రజ్ఞులు తమ ప్రయోగమును తమ గదిలో తామే ముగింతురు. కడియము తొడిగినవాడు మాత్రము సగము ప్రయోగమే చేయగలడు. తక్కిన సగము ఎప్పుడో, ఎక్కడనో, ఎన్నడును తన ముఖము చూడని మనుష్యుని చేతిలో నున్నది. ఒక రైతు తన పొలములో చచ్చిన పిట్టను చూచును. దాని కాలికి ఏదో మెఱయును. అతడు దానిని పాఱవేయవచ్చును, పిల్లవానికి ఆటకీయవచ్చును. లేదా, పరభాషలో నున్న ఊరి పేరును శ్రద్ధగా చదువుకొని, కాగితముమీద వ్రాసి, తపాలాకు డబ్బు పెట్టి పంపవచ్చును. అతనికి దీనివలన లాభము కాసైనను లేదు. ఇట్టి అపరిచితుల మంచితనమును నమ్మి ఆయన తన 165 పక్షులను ఆకాశమునకు అప్పగించెను. చిన్న పాటపిట్టల విషయములో, కడియము తొడిగిన చోటునకు దూరముగా మరల దొరకునవి నూటికి ఒకటి గూడ నుండవని తరువాతి కాలపు అనుభవము. అయినను ఆ కొలదిపాటి ఉత్తరములే చాలును. ఇటులనే కడియములు తొడుగుచు పోగా, డెన్మార్కు స్టార్లింగులలో పెక్కు పడమటి దిక్కుగా పోయి హాలండు, బెల్జియము, ఇంగ్లండు దేశములలో చలికాలము గడుపుననియు, పెద్దపక్షులు వసంతమున తమ పాత నెలవులనే వెదకికొని వచ్చుట కలదనియు కాలక్రమమున తేలినది. గోరువంక ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకినది.

మోర్టెన్సెన్ స్టార్లింగులతో తృప్తిపడలేదు. సంకుబుడికొంగలు, నారాయణపక్షులు, సముద్రపు కాకులు, డేగజాతులు మొదలగువానికిని కడియములు తొడిగెను. జట్లాండు పడమటి తీరమున ఫానో అను దీవి గలదు. అచ్చట చెఱువుల చుట్టును వలల కాలువలు కట్టి, పెంపుడు బాతులను ఎరగా పెట్టి, వలసవచ్చు అడవిబాతులను పట్టి అమ్ముకొను వృత్తివారుండిరి. చంపుటకు పట్టిన బాతులలో కొన్నిటికి మోర్టెన్సెన్ కడియములు తొడిగి ప్రాణముతో విడిపించెను. అడవిబాతులను వేటగాండ్రు విరివిగా కొట్టుదురు గనుక వాని కడియములు పాటపిట్టల కడియములకంటె మిక్కిలి యెక్కువగా మరల దొరకెను. పశ్చిమ ఐరోపా దేశములనుండి ఆయనకు ఉత్తరములు వచ్చెను. ఆ ఫలితములను డెన్మార్కు పక్షిశాస్త్ర సంఘపు పత్రికలో ప్రకటించెను.

ఇంతలో ఈ పద్ధతి ఇతర దేశములకు ప్రాకెను. బాల్టికు సముద్రతీరమున రోసిట్టెన్ అను ఇసుకదిబ్బల గ్రామములో యోహాన్నెస్ టీనెమాన్ అను జర్మనుడు 1901లో ఒక పక్షిపరిశీలనాలయము స్థాపించి, 1903లో మోర్టెన్సెన్ మార్గము ననుసరించి కడియములు తొడుగ నారంభించెను. టీనెమాన్ గూడ వేదాంతవిద్య నభ్యసించినవాడే, ఉపాధ్యాయుడుగ పనిచేసినవాడే. ఆ గ్రామస్థులు వలస వచ్చు కాకులను వలలతో పట్టి తినెడివారు. అతడు ఆ కాకులకే మొదట కడియములు తొడిగెను. అమెరికాలో పాల్ బార్ట్ష్ 1902లో కొంగలకు తొడిగెను. 1909లో ఇంగ్లండున విదర్బీయు స్కాట్లండున లాండ్స్‌బరో థామ్సనును చెరియొక యేర్పాటును ప్రారంభించిరి.

నింద లేకపోలేదు. జర్మనీలో కొందరు రచయితలు టీనెమాన్‌ను పత్రికలలో తీవ్రముగా ఆక్షేపించిరి. కడియములకై ఆశపడి జనులు పక్షులను కాల్చుదురనియు, శాస్త్రము పేర హింస జరుగుననియు వారి వాదము. ఈ వాదమును మేము త్రోసివేయము. పక్షులయెడ ప్రేమచేతనే వారట్లనిరి. కాని కడియము రాకముందే వేట యున్నది. కడియమునుబట్టి పక్షులు ఎచ్చట, ఎంతగా చచ్చుచున్నవో తెలిసినది. తెలిసిన తరువాతనే గదా వాని రక్షణకు చట్టము వ్రాయ వీలగును.

ఒక్క దృష్టాంతము మాత్రము విపులముగా చెప్పెదము. ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైరు మండలమున చీడిల్ అను ఊరిలో మేస్‌ఫీల్డు అను న్యాయవాది యుండెను. ఆయన యింటి ద్వారమంటపములో వానకోవెలలు గూడు పెట్టెడివి. 1911 మే 6వ తేదీన, అనగా వసంతకాలమున, ఆయన వానిలో నొకదానికి కడియము తొడిగెను. దాని బరువు మన కొలతలో రెండు తులములు గూడ లేదు. 1912 డిసెంబరు 23వ తేదీన, క్రిస్మసుకు రెండు దినములు ముందు, దక్షిణాఫ్రికాలోని నాటాలు సీమయందు యూట్రెక్టు అను ఊరి సమీపమున ఒక రైతు ఇంటిలోనికి ఒక వానకోవెల వచ్చి చిక్కెను. దాని కాలికి లండను చిరునామా గల కడియముండెను. అక్కడివారు ఆ సంగతిని వ్రాసి పంపిరి. ఓలావుస్ మాగ్నుస్ మొదలు నీళ్ళ అడుగున నిద్రించుచుండిన వానకోవెల ఆ ఒక్క ఉత్తరముతో మేల్కొని, ఆఫ్రికా ఎండలో ఎగురసాగినది.

మన దేశమున ఈ పని 1927లో మొదలయినది. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు కడియములు చేయించిరి. మాళవదేశములోని ధార్ సంస్థానమున బాతులకు వానిని తొడిగిరి. దొరకినవారు బొంబాయి సంఘమునకు తెలుపవలెనని వానిపై చెక్కియుండెను. తరువాతి దశాబ్దములలో సలీం అలీ మొదలగువారు దీనిని విస్తరింపజేసి, లక్షలకొలది పక్షులకు గుర్తులు పెట్టిరి. స్టార్లింగు మన తెలుగుసీమకు రాదు గాని, దాని దాయాదియగు గులాబిరంగు గోరువంక వచ్చును. మన జొన్నచేలు కంకివేసిన దినములలో నల్లని తలయు గులాబి వీపును గల పక్షులు మేఘమువలె దిగుట రైతుబిడ్డలెల్లరు చూచియే యుందురు. వడిసెల త్రిప్పుచు వానిని తోలెదము. అవి మధ్య ఆసియా మైదానములలో గూళ్ళు పెట్టి, మిడుతలతో పిల్లలను పెంచి, చలికాలమునకు మన చేలకు వచ్చినవని మనలో ఎందరికి తెలియును?

మోర్టెన్సెన్ 1921 జూను 7వ తేదీన వీబోర్గులో మరణించెను. మొదటి కడియము తొడిగిన దినమునకు సరిగా 22 ఏండ్ల 2 దినములు. ఆయన వ్యాసములను డెన్మార్కు పండితులు చేర్చి ఇంగ్లీషున ఒక సంపుటముగా 1950లో కోపెన్‌హాగనున ప్రకటించిరి.

ఆయన విడిచిన పనిని కొనసాగించినవారిలో, మాకు తోచినంతవరకు, మిక్కిలి గడుసైన ప్రయోగము హాలండు దేశస్థుడగు పెర్డెక్ చేసినది. ఆయన తోడివారును శరత్కాలమున హేగు నగర సమీపమున వలసపోవు స్టార్లింగులను 11,000కు మించి పట్టి, కడియములు తొడిగి, విమానములపై స్విట్జర్లండునకు కొనిపోయి అచ్చట విడిచిరి. 1958లో ప్రకటించిన ఫలితము వినదగినది. అంతకుముందు ఒకసారియైన ఆ ప్రయాణము చేసిన పెద్దపక్షులు తాము దారి తప్పితిమని యెఱిగి, దిక్కు మార్చుకొని, ఉత్తర ఫ్రాన్సునకును ఇంగ్లండునకును పోయినవి. ఆ యేడే పుట్టిన పిల్లపక్షులు మాత్రము, తాము హాలండుననే యున్నట్లు తలంచి, పుట్టుకతో వచ్చిన దిక్కుననే యెగిరి, దక్షిణ ఫ్రాన్సునకును స్పెయినునకును చేరినవి. దిక్కు పుట్టుకతో వచ్చును, గమ్యము అనుభవముతో వచ్చును. కాలికి అంకె లేకున్న ఈ సంగతి ఎన్నటికిని తెలియకపోయెడిది.

నేడు బాల్టికు తీరములలో వసంతము వచ్చినదన్న, తెల్లవారకముందే కార్యకర్తలు పొదల నడుమ కంటికి కానరాని సన్నని వలలు కట్టుదురు. పాటపిట్టలలో పెక్కు రాత్రివేళ ప్రయాణము చేసి, ప్రొద్దున ఆకలితో పొదలలో దిగును. వలలో పడినదానిని జాగ్రత్తగా విడదీసి గుడ్డసంచిలో వేయుదురు. సంచి చీకటిగా నుండుటచే పక్షి బెదరక ఊరకుండును. రెక్క కొలిచి, బరువు తూచి, ఱొమ్ముపై ఈకలను మెల్లగా ఊది చర్మము క్రింద కొవ్వు ఎంతయున్నదో చూతురు. ఆ కొవ్వే దాని దారిబత్తెము. కడియము తొడిగి అరచేయి విప్పుదురు. ఎండ యెక్కువైనను, వాన వచ్చినను, పక్షి నీరసించినను పని యాపి విడిచిపెట్టవలెనన్నది నియమము. తొమ్మిది గ్రాముల పిట్టకు తగిన కడియము బరువు గ్రాములో ఇరువదియవ వంతుకు మించదు. రోసిట్టెన్ గ్రామము ఇప్పుడు రిబాచీ అను పేర రష్యా దేశములో నున్నది. అచ్చట 1956లో మరల స్థాపింపబడిన పరిశీలనాలయము ఈ పనిని చేపట్టినది.

డెన్మార్కులో 1970 దశకమునుండి స్టార్లింగులు సగమునకు మించి తగ్గిపోయినవని లెక్కలు తెలుపుచున్నవి. పశువులు పచ్చికబయళ్ళ మేయుట తగ్గి, ఆ పక్షులు పురుగులేరుకొను పొట్టిగడ్డి నేలలు కొఱవడుట ఇందుకు ముఖ్యకారణమని పరిశోధకులు చెప్పిరి. అయినను జట్లాండు నైరుతి మూల చిత్తడినేలలలో, మార్చి ఏప్రిలు నెలల సాయంకాలమున, ఉత్తరమునకు పోవు స్టార్లింగులు లక్షలుగా గుమికూడి, ప్రొద్దు క్రుంకువేళ ఆకాశమును కప్పి, ఒక్క దేహమువలె మెలికలు తిరిగి, రెల్లుపొదలలో దిగుచుండును. దేశస్థులు దీనిని నల్లసూర్యుడు అందురు. దూరమునుండి చూచువారికి అది ఒక పొగ. ఆ పొగలో కొన్ని కాళ్ళకు అల్యూమినియపు కడియములును, ఒక్కొక్క కడియముమీద ఒక్కొక్క అంకెయు నుండును.